వడగట్టి పారేసిన ఒమేగా

మొన్న ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మా వదిన ఇంటికి వెళ్ళాను. ఆ వేళకి ఆ ఇంట్లో ఫిల్టరు కాఫీ దొరుకుతుందన్నది నాకు పాతికేళ్ళ నమ్మకం. గడప దగ్గర చెప్పులు విప్పుతుంటేనే డికాక్షన్ వాసన ముక్కుకి తగిలేది. ఆ రోజు తగల్లేదు. పాలవాడు రాలేదేమో అనుకుని కూచున్నాను. కాసేపటికి ట్రే వచ్చింది. ఎప్పటి స్టీలు గ్లాసు, దవరా లేవు. పొడుగాటి గాజు గ్లాసులో చిక్కగా, గోధుమరంగులో ఏదో కదలకుండా ఉంది.

"తాగవే. మాకివాళ అయిదో రోజు" అంది వదిన.

అయిదో రోజంటే ఏమిటని నేను అడగలేదు. మీరూ అడగరని తెలుసు. ఆ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. చుట్టాల గ్రూపులో ఒకసారి, అపార్టుమెంటు గ్రూపులో ఒకసారి, పదో తరగతి స్నేహితుల గ్రూపులో దండం పెడుతున్న చేతుల బొమ్మతో సహా ఇంకోసారి. ఏడు రోజులు, పరగడుపున, ఒక్క గ్లాసు. పొట్ట పోతుంది, జుట్టు వస్తుంది. మోకాళ్ళ నొప్పి పోతుంది, మొహానికి కళ వస్తుంది. ఏవి పోవాలో ఏవి రావాలో ఒక్క పొరపాటు కూడా చెయ్యకుండా లెక్క చూసుకునే గింజ ఈ అవిసె. పొరపాటున పొట్ట వచ్చి జుట్టు పోయినవాళ్ళు ఎవరూ వీడియో చెయ్యరనుకోండి, అది వేరే సంగతి.

గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాను. దించేసరికి నా కింది పెదవికీ గ్లాసు అంచుకీ మధ్య ఒక తీగ సాగింది. తెగుతుందేమోనని గ్లాసు ఇంకాస్త దూరం జరిపాను. తీగ కూడా ఇంకాస్త సాగింది. ఎదురుగా మా అన్నయ్యగారు పేపరు దించి ఆసక్తిగా చూస్తున్నారు. ఆయన ఇప్పటికి అయిదు రోజులుగా ఈ విద్య సాధన చేస్తున్నారు కాబట్టి, "మణికట్టు ఇలా తిప్పాలమ్మా" అని చేసి చూపించారు. నేను వేలితో తెంపాను. అది వేలికి అంటుకుంది. వేలు కొంగుకి తుడిచాను. ఇంటికొచ్చి చూసుకుంటే కొంగు అక్కడ గంజి పెట్టినట్టు బిర్రబిగిసి ఉంది. జరీ అంచు చీర.

"ఎలా ఉంది?" అంది వదిన.

"చల్లగా ఉంది వదినా" అన్నాను. ఫ్రిజ్జులోంచి తీసింది కాబట్టి అబద్ధం ఆడినట్టు కాదు.

"మరి! మహా చలవ" అంది.

ఇక్కడ ఒక మాట. ఎండాకాలం మొదలవగానే దీన్ని చలవ పానీయం అని తెగ పొగుడుతున్నారు, ఆయుర్వేదం సాక్షిగా. మన ఆయుర్వేద నిఘంటువులు దీన్ని అతసి అన్నాయి. అతసి ఉష్ణం అనీ, గురువు అనీ రాశాయి. అంటే వేడి చేసేది, అరగడానికి బరువైనది అని. నాకు ఆ శాస్త్రంలో పెద్ద ప్రవేశం లేదు. కానీ సాక్షిని పిలిచేవాళ్ళు ఆ సాక్షి ఏం చెబుతాడో ముందు ఒకసారి కనుక్కుని పిలిస్తే మర్యాదగా ఉంటుంది.

సరే, గ్లాసు పుచ్చుకుని వంటింట్లోకి వెళ్ళాను. తాగినట్టు నటించి సింకులో పోసేద్దామని నా ఎత్తు. అక్కడ కనిపించింది నన్ను ఈ వ్యాసానికి కూచోబెట్టిన దృశ్యం. సింకు పక్కన టీ వడపోసే జల్లెడ. జల్లెడ నిండా నానిన అవిసె గింజలు, నిగనిగలాడుతూ, ఒక్కటి కూడా పగలకుండా. పక్కన చెత్తబుట్ట. చెత్తబుట్టలో నాలుగు రోజుల గింజలు.

"వదినా, ఇవి?"

"అవా, పిప్పి. రాత్రంతా నానేసి, పొద్దున మరిగించి వడగట్టేస్తాం. సారమంతా నీళ్ళలోకి దిగిపోతుందిగా."

సారమంతా నీళ్ళలోకి దిగిపోతుంది! ఈ ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఇంటికొచ్చాక ఆ వీడియో పెట్టి చూశాను, వదిన ఏమైనా పొరబడిందేమోనని. లేదు. ఆవిడ అక్షరాలా చెప్పింది చెప్పినట్టే చేసింది. వీడియోలో ఆవిడెవరో కూడా చిరునవ్వుతో గింజల్ని వడగట్టి పక్కన పడేసి, బంకనీళ్ళ గ్లాసు ఎత్తి చూపించి, "ఇందులో ఒమేగా త్రీ పుష్కలంగా ఉంటుందండీ" అంది.

అమ్మా, ఒమేగా త్రీ అంటే నూనె. అవిసె గింజలో నూటికి నలభై పాళ్ళ పైన కొవ్వే. అందులో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. ఆ పేరు నోరు తిరక్కపోతే ఒమేగా త్రీ అనుకోండి, తప్పులేదు. గింజకి ఇంత పేరొచ్చింది దానివల్లనే. ఆ నూనె పలుకు లోపల ఉంటుంది, పైన గట్టి పెంకు. నానేసినా, మరిగించినా, మంత్రం చదివినా నూనె నీళ్ళలో కరగదు. ఇది చెప్పడానికి పరిశోధకులు అక్కర్లేదు. బాండీ తోమే ప్రతి మనిషికీ తెలుసు.

నీళ్ళలోకి దిగేది ఏమిటంటే గింజ పైపొరలో ఉండే జిగురు. అది కూడా ఒక రకం పీచే, పొట్ట కదలడానికి కాస్త సాయం చేస్తుంది, కాదనను. కానీ మనం తాగేది గింజ మీద చొక్కా ఉతికిన నీళ్ళు. మనిషిని బుట్టలో పడేసి, చొక్కా ఉతికిన నీళ్ళు భక్తిగా తాగుతున్నాం.

పోనీ మన వంటింటి లెక్కలో చెప్పుకుందాం. రేపటినుంచి వదిన నువ్వులు నానేసి, ఆ నీళ్ళు ప్రమిదలో పోసి, ఒత్తి వేసి దీపం పెడుతుందా? వేరుశనగ పలుకులు మరిగించి, పలుకులు పారేసి, ఆ నీళ్ళలో గారెలు వేయిస్తుందా? ఆవకాయ పెట్టేరోజున జాడీలో నువ్వుల నూనెకి బదులు నువ్వులు కడిగిన కుడితి పోసి, "సారమంతా దిగిందిలే" అని మూత బిగించి వాసెన కడుతుందా? వాళ్ళ అత్తగారు ఉండగా ఇంట్లో మాగాయ ఊట చుక్క కిందపడితే ఊరుకునేవారు కాదు. ఆ ఇంట్లో ఇప్పుడు రోజుకు రెండు చెంచాల నూనెగింజ బుట్టలోకి పోతోంది, ఆరోగ్యం పేరుతో.

నేను ఇదంతా అనలేదు. "మరి నూనె గింజలోనే ఉండిపోతుందేమో వదినా" అని మాత్రం నసిగాను. ఆవిడ కొంచెం ఆలోచించి, "రేపట్నుంచి కరివేపాకు మొక్కకి వేస్తాలే" అంది. నాలుగు రోజులు పోయాక వెళితే నిజంగానే కుండీ చుట్టూ గింజలు. ఆ కరివేపాకు మొక్క గుండెకి ఇక ఏ ఢోకా లేదు.

ఈ అవిసె భక్తికి రెండో శాఖ ఉంది. వాళ్ళు వడగట్టరు. వడగట్టేవాళ్ళని చూసి నవ్వుతారు కూడా. మా అపార్టుమెంటు రెండో అంతస్తు ఆవిడ ఈ శాఖ. మజ్జిగలోనో, నిమ్మరసంలోనో, బొప్పాయి షేకులోనో గింజల్ని గింజల్లాగే పైన చల్లుకుని, ఫొటో తీసి, మింగేస్తుంది. నమలకుండా మింగితే ఆ నున్నటి పెంకు మన పేగులకి లొంగదు. లోపలికి ఎలా వెళ్ళిందో చాలావరకు అలాగే బయటికి వస్తుంది. మన పాత గోడల పగుళ్ళలో రావిమొక్క ఎలా మొలుస్తుందో తెలుసుగా. కాకి రావిపండు తింటుంది, గింజ దాని కడుపులో ప్రయాణం చేసి క్షేమంగా దిగుతుంది, గోడ మీద మొలుస్తుంది. రావిచెట్టుకి వంశం నిలిచింది, కాకికి గింజ వల్ల ఒరిగిందేమీ లేదు. రెండో అంతస్తు ఆవిడకి నేను ఈ ఉపమానం చెప్పలేకపోయాను. ఆవిడ అసోసియేషన్ కార్యదర్శి. మా ఫ్లోరుకి నీళ్ళ ట్యాంకరు రాయించేది ఆవిడే.

మూడో శాఖవాళ్ళు పొడి కొడతారు. అబ్బ, ఒక్క శాఖకైనా బుద్ధి ఉందనుకుని సంతోషించాను. తీరా చూస్తే కిలో గింజలు ఒకేసారి పొడి కొట్టి, పారదర్శకంగా ఉండే అందమైన సీసాలో పోసి, పొయ్యి పక్కన కిటికీ ఎండలో పెట్టుకుంటారు. ఈ నూనెకి గాలి తగిలితే చాలు, మక్కిపోవడం మొదలుపెడుతుంది. గింజగా ఉన్నన్నాళ్ళు పెంకు కాపాడుతుంది, పొడి అయ్యాక ఎవరు కాపాడాలి? పది రోజులకి కావలసినంతే కొట్టుకుని, మూత బిగించి ఫ్రిజ్జులో పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే ఏమవుతుందో వాసన చెబుతుంది. కొత్త తలుపుకి రంగు వేసిన వాసన వస్తుంది.

ఆ వాసన నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మా వీధిలో ఒక వడ్రంగి తాత ఉండేవాడు. తలుపులకీ, మంచాల కోళ్ళకీ ఆయన గుడ్డతో పట్టించేది ఇదే నూనె. రేకుడబ్బాలో కొనుక్కొచ్చేవాడు, లిన్సీడ్ ఆయిల్ అనేవాడు. సుద్దపొడిలో ఇదే నూనె పోసి మర్దిస్తే కిటికీ అద్దాలు బిగించే పుట్టీ అయ్యేది. మా అన్నయ్య వాళ్ళు కొత్త క్రికెట్ బ్యాటు కొంటే ఆయన దగ్గరికే పట్టుకెళ్ళి నూనె పట్టించుకొచ్చేవాళ్ళు. నూనె తుడిచిన గుడ్డల్ని ఆయన ఉండచుట్టి మూల పడెయ్యనిచ్చేవాడు కాదు. గాలి తగిలిన కొద్దీ లోపల వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయని, నీళ్ళలో తడిపి దణ్ణెం మీద ఆరేసేవాడు. గాలికి ఎండి గట్టిపడే గుణం ఉంది కనకే ఇది రంగుల్లోకీ వార్నిషుల్లోకీ పనికొచ్చింది. 1860లలో ఇంగ్లండులో దీన్నే ఉడికించి గట్టిపరచి నేలమీద పరిచే లినోలియం చేశారు. ఆ పేరులోనే అవిసె ఉంది, నూనె ఉంది. ఇదే మొక్క నారతో నేసిన బట్టే లినెన్. మా అల్లుడు నాలుగువేలు పోసి కొనుక్కుని, ఒకసారి కూచుని లేచేసరికి నలిగిపోయిందని బాధపడే చొక్కా అదే.

ఇంతమందికి ఇన్ని విధాల అక్కరకొచ్చిన గింజ మీద నాకు కోపం ఎందుకుంటుంది? దీని శాస్త్రీయనామంలో రెండో మాటకి 'మహా ఉపయోగకరమైనది' అనే అర్థం. పేరు పెట్టినాయనకి తలుపులూ బట్టలూ తెలుసు. రాత్రి నానేసి పొద్దున వడగట్టేవాళ్ళు పుడతారని తెలియదు.

ఇక ఈ పానీయం తయారీ. వీడియోలో మొదటి రోజు ఉన్నది గింజలూ నీళ్ళే. జిగురు గొంతు దిగడం లేదని రెండోరోజు నిమ్మకాయ, తేనె చేరాయి. మూడోరోజు అరటిపండు, నాలుగు ఖర్జూరాలు. అయిదోరోజుకి చిక్కటి పాలు, జీడిపప్పు, మీద ఒక చెంచా బెల్లం పాకం. పెద్ద చెంచాడు అవిసె పొడి ఏడు గ్రాములు, దాని కెలోరీలు నలభై లోపు. దాన్ని దించడానికి వేసిన సరంజామా ఒక పూట భోజనానికి సరిపోతుంది. ఇది తాగి, పైన ఇడ్లీలు తిని, బరువు తగ్గలేదేమా అని తూకం యంత్రాన్ని గోడకి దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి జరిపి చూసుకుంటున్నారు మా అన్నయ్యగారు. ఆ ఏడు గ్రాముల్లో ఉండే పీచు రెండు గ్రాములు. ఒక మాదిరి జామకాయలో దానికి రెట్టింపుకి తక్కువ ఉండదు. జామకాయకి వీడియో లేదు. బండి మీద పెట్టుకుని వీధిలో అరుచుకుంటూ వస్తుంది, పాపం.

మీరు నవ్వుతున్నారు. నేనూ ఇంతవరకు నవ్వుతూనే రాశాను. ఇక్కడినుంచి నావల్ల కాదు.

మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన ఉన్నాడు. యాభై దాటింది. బీపీ ఉంది, మాత్ర వేసుకునేవాడు. ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇచ్చే మాత్ర. పోయిన ఏడాది ఎవరో ఫోనులో చూపించారట, అవిసె నీళ్ళు రక్తాన్ని పల్చన చేస్తాయి, బీపీ మాత్రలు జన్మలో అక్కర్లేదు, మాత్రలే కిడ్నీలు పాడుచేస్తాయి అని. చెప్పినవాడు తెల్లకోటు వేసుకున్నాడు, మెడలో స్టెతస్కోపు ఉంది. ఇంకేం కావాలి? మాత్ర మానేశాడు. రెండు నెలలు శ్రద్ధగా నీళ్ళు తాగాడు. గింజలు కొనడానికి చీటీ డబ్బు కూడా తీశాడు, ఎందుకంటే ఆ వీడియోవాళ్ళు చెప్పిన 'ప్రత్యేకమైన' గింజలు 200 గ్రాముల డబ్బా మూడువందల యాభై. మా కిరాణా కొట్టులో విడిగా కొంటే అందులో ఏడో వంతుకి వస్తాయి. ఒకరోజు మధ్యాహ్నం ఇస్త్రీ పెట్టె చేతిలోంచి జారిపోయింది. ఆసుపత్రికి తీసుకెళితే పైన అంకె రెండు వందలు దాటి ఉంది. ఇప్పుడు బండి దగ్గర వాళ్ళావిడ నిలబడుతోంది. ఆయన పక్కన స్టూలు మీద కూచుని ఎడమచేత్తో బట్టలు లెక్కపెడతాడు. కుడిచెయ్యి ఒళ్ళో ఉంటుంది.

ఆ తెల్లకోటువాడికి ఈ సంగతి ఎవరు చెబుతారు? వాడికి ఎన్ని లక్షలమంది చూశారన్న అంకె కనిపిస్తుంది. ఎంతమంది చెయ్యి పడిపోయిందన్న అంకె ఏ తెర మీదా రాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు పెద్దలు. ఇప్పుడు లోకువే కాదు, ఆదాయం కూడా.

అవిసెకీ బీపీకీ సంబంధమే లేదా అంటారేమో. ఉంది. అది కూడా చెబుతాను, ఎందుకంటే వీళ్ళు చేసే దగా అక్కడే బయటపడుతుంది. 2013లో కెనడావాళ్ళు ఒక పరిశోధన ప్రచురించారు. కాళ్ళ రక్తనాళాల జబ్బు ఉన్న 110 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 30 గ్రాముల అవిసె పొడి రొట్టెల్లో, బన్నుల్లో కలిపి పెట్టారు. ఆరు నెలలు పెట్టారు. బీపీ పై అంకె పదిదాకా తేడా కనిపించింది. మంచి ఫలితమే. కానీ చూడండి: పొడి, వడగట్టిన నీళ్ళు కాదు. 30 గ్రాములు, ఒక చెంచా కాదు. ఆరు నెలలు, ఏడు రోజులు కాదు. అందులో చాలామంది తమ బీపీ మందులు తాము వాడుతూనే ఉన్నారు, మానెయ్యలేదు. ఈ పరిశోధన పేరు చెప్పి ఇస్త్రీ బండి ఆయన చేత మాత్ర మాన్పించినవాణ్ణి ఏమనాలి? నాకు వచ్చిన మాటలు సంపాదకుడు వెయ్యడు.

మన దేశంలో 1954లోనే ఒక చట్టం చేశారు. మాయమందుల ప్రకటనలమీద. మధుమేహం, క్యాన్సర్, రక్తపోటు, స్థూలకాయం నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితా దాని చివర ఉంది. ఆ జాబితా తీసి చూస్తే నేటి వీడియోల విషయసూచిక లాగా ఉంటుంది. వరసగా చదువుకుంటూ ఒక్కోదానికి ఒక్కో జ్యూసు చేసి పెడుతున్నారు. 2023 ఆగస్టులో కేంద్రం మళ్ళీ మార్గదర్శకాలు ఇచ్చింది, ఆరోగ్యం గురించి చెప్పేవాళ్ళు తమ అర్హత ఏమిటో చెప్పాలని, తమ మాట వైద్యుడి సలహాకి బదులు కాదని హెచ్చరించాలని. పాటిస్తున్నారు! పావుగంట వీడియో చివర చీమతలకాయంత అక్షరాలతో అరక్షణం కనిపిస్తుంది. ఇస్త్రీ బండి ఆయన దాన్ని చదివి ఉంటాడనుకుని కేంద్రం, నేను, మీరు నిద్రపోవచ్చు.

థైరాయిడ్ మాత్రల సంగతి ఇంకో తలనొప్పి. మన ఇళ్ళలో ఆడవాళ్ళని లెక్కపెడితే ప్రతి నాలుగో గడపలో ఆ సీసా కనిపిస్తుంది, నా మంచం పక్కన కూడా ఉంది. పొద్దున్నే ఖాళీ కడుపుతో ఉత్త నీళ్ళతో వేసుకోవాల్సిన మాత్ర అది. వేసుకున్నాక అరగంటో గంటో ఇంకేమీ ముట్టకూడదు. అదే పరగడుపున ఈ జిగురుగ్లాసు తాగమని వీళ్ళ ఉపదేశం. జిగురు మాత్రను పట్టుకుంటే ఒంటికి పట్టేది తగ్గుతుంది. అలా నెలల తరబడి చేసి, రక్తపరీక్షలో అంకె పెరిగిందని మోతాదు పెంచుకుని, నీరసం ఎందుకొచ్చిందో తెలియక ఆ నీరసానికి ఇంకో గ్లాసు తాగుతున్నారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు.

రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా దీని జోలికి పోకూడదు. పేగుల్లో అడ్డంకి ఉన్నవాళ్ళు అసలు పోకూడదు. పొడి మింగి నీళ్ళు సరిగ్గా తాగకపోతే ఏ మలబద్ధకం పోవాలని మింగారో అదే బిగుసుకుంటుంది. ఈ మూడు ముక్కలూ ఏ వీడియోలోనూ నేను వినలేదు. చెబితే డబ్బా అమ్ముడుపోదుగా.

మొహానికి అవిసె జిగురు రాసుకుంటే ముడతలు పోతాయన్నవాళ్ళ గురించి నేనేమీ అనను. ఆరాక బిగుసుకుంటుంది, కడిగాక వదులవుతుంది, మా కొంగు కూడా అంతే. నెలలో మొదటి పక్షం ఒక గింజ, రెండో పక్షం ఇంకో గింజ తిని హార్మోన్లను పంచాంగం ప్రకారం నడిపించేవాళ్ళకి నా నమస్కారం. పొట్టలో మలినాలన్నీ కడిగేస్తుందనేవాళ్ళకి ఒకటే ప్రశ్న: మరి కాలేయం, మూత్రపిండాలు ఇన్నాళ్ళూ జీతం తీసుకుని ఏం చేస్తున్నట్టు?

ఒకటి మాత్రం నన్ను వ్యక్తిగతంగా బాధించింది. ఇంకో వీడియోలో అవిసె గొప్పతనం చెబుతూ చెబుతూ తెరమీద తెల్లటి కత్తిలాంటి పువ్వులున్న పెద్ద చెట్టుని చూపించారు. అది అవిసె చెట్టే, కానీ ఆ అవిసె వేరు, ఈ అవిసె వేరు. నేను పొన్నూరు వైపు పుట్టినదాన్ని. మా తమలపాకు తోటల్లో తీగలు ఎగబాకేది ఆ అవిసె చెట్లమీదే. ఆ ఆకు కూర వండుకుంటాం, పశువులకి వేస్తాం. ఈ గింజలిచ్చేది మోకాలెత్తు దాటి నడుముకి రాని సన్నటి శీతాకాలపు పంట, నీలం పువ్వులు పూస్తుంది. తెలుగులో రెండింటికీ ఒకే పేరు ఉండడం వాళ్ళ తప్పు కాదు. కానీ చెట్టుకి ఉన్న గుణాలన్నీ తీసుకొచ్చి గింజకి తగిలించి, మొత్తం కలిపి ఇరవై ఒక్క లాభాలని లెక్క చెప్పడం ఎంతవరకు న్యాయం? ఆ లెక్కన నా పేరే ఉన్న సినిమాతార ఆస్తిలో నాకూ వాటా రావాలి.

ఒమేగా త్రీ మీద అంత బెంగ ఉంటే ఇంకో నిజం కూడా తెలుసుకోండి. అవిసెలో ఉన్న ఒమేగా త్రీ, చేపలో ఉన్న ఒమేగా త్రీ ఒకటి కావు. అవిసెలోదాన్ని మన ఒళ్ళు చేపలోదానిలా మార్చుకోవాలి, ఆ మార్చుకునేది కూడా నూటికి ఏ కొన్ని పాళ్ళో. కోస్తాలో కవళ్ళు చవగ్గా దొరికే ఊళ్ళలో ఉంటూ, చేపల పులుసు వారానికోసారి తినే అలవాటు ఉండీ, డైటు పేరుతో అది మానేసి ఈ జిగురు తాగేవాళ్ళని కూడా చూశాను. శాకాహారులు తింటే ఒక అర్థం ఉంది. నేనూ శాకాహారినే, నేనూ అవిసెలు తింటాను.

అవును, తింటాను. ఇన్ని మాటలన్నానని నన్ను గింజలకి శత్రువుని చెయ్యకండి. తార్నాకలో మన జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకి వచ్చింది. మన ఊళ్ళో బస్సెక్కితే దిగే దూరంలో ఉంది. వాళ్ళు 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజువారీ కంచంలో గింజలూ పలుకులూ కలిపి 35 గ్రాములు ఉండాలని చెప్పారు. కంచంలో అన్నారు. గ్లాసులో అనలేదు, పరగడుపున అనలేదు, ఏడు రోజులు అనలేదు. రెండు వేల కెలోరీల భోజనానికి అన్నం, పప్పు, కూర, పండు, పెరుగు అన్నిటితో పాటు ఇన్ని గింజలు అన్నారు. దాంతో వీడియో ఎలా చేస్తారు చెప్పండి, ఎవరు చూస్తారు?

మహారాష్ట్రవాళ్ళు జవస చట్నీ అంటారు, ఉత్తర కర్ణాటకవాళ్ళు అగసె పొడి అంటారు, జొన్నరొట్టెతో తింటారు. మన ఇళ్ళలో అవిసె కారం ఉంది. ఇవేవీ ఎవరూ మొన్న కనిపెట్టినవి కావు. వాళ్ళెవరూ గింజల్ని నానేసి వడగట్టలేదు. దోరగా వేయించారు, దంచారు. చదువుకోని ఆ అమ్మమ్మలకి పెంకు పగిలితే తప్ప లోపలిది ఒంటికి పట్టదన్న సంగతి ఎలా తెలిసిందో నాకు తెలియదు. రుచి కోసమే దంచి ఉంటారు. రుచికీ ఒంటికీ వైరం ఉందని వాళ్ళకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

మా ఇంట్లో నేను చేసేది చెబుతాను. పావుకిలో అవిసెలు నూనె లేకుండా సన్నసెగ మీద వేయిస్తాను. చిటపటలాడి ఎగరడం మొదలయ్యాక ఒక్క నిమిషం, అంతే. మాడితే చేదు. పది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర, గుప్పెడు కరివేపాకు విడిగా వేయించుకుంటాను. చల్లారాక వీటిని ఉప్పుతో, చిన్న చింతపండు రెబ్బతో ముందు తిప్పి, తరవాత అవిసెలు వేసి బరకగా ఆపేస్తాను. చివర వెల్లుల్లి రెబ్బలు. మరీ మెత్తగా తిప్పితే నూనె వదిలి ముద్దకడుతుంది. చిన్న సీసాలో పోసి ఫ్రిజ్జులో పెడతాను, పది రోజుల్లో అయిపోతుంది. వేడన్నంలో ఒక చెంచాడు, పైన నెయ్యి. ఇడ్లీలోకీ బాగుంటుంది. దీనివల్ల నా జుట్టు పెరగలేదు, పొట్ట తగ్గలేదు. అన్నం మాత్రం రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాను.

మొన్న వదిన ఫోన్ చేసింది. ఏడు రోజులూ అయిపోయాయట. బరువు తూచారట. అన్నయ్యగారు కిలోంబావు పెరిగారు. "మలినాలు బయటికొచ్చే ముందు అలా పెరుగుతుందట" అంది. ఇంకో ఏడు రోజులు చేస్తారట. కాఫీ ఫిల్టరు అటక మీద పెట్టేసిందట.

వదినా, ఈ వ్యాసం ఎవరైనా నీకు చూపిస్తే కోపం తెచ్చుకోకు. ఆ గింజలు కుండీలో పొయ్యకుండా నాకు పంపు, కారం కొట్టి పంపిస్తాను. అన్నయ్యగారిని బీపీ మాత్ర ఒక్కరోజు కూడా మాననివ్వకు. నీ థైరాయిడ్ మాత్రకీ ఆ గ్లాసుకీ మధ్య కొన్ని గంటలైనా ఎడం ఉండనీ. ఫిల్టరు మాత్రం దింపు. వచ్చే ఆదివారం ఎనిమిదింటికి వస్తున్నాను.